ఎండపొయ్యి సంఘం

మిద్దె మీద సోలార్ పలకలు కడుగుదామని చెంబెడు నీళ్లు చల్లితే, వేడెక్కిన అద్దం మీద దుమ్ము తడిసి ఒక వాసన లేస్తుంది. అది ముక్కుకు తగిలితే చాలు, హిందూపురంలోని ఈ ఇల్లూ నా వయసూ మరచిపోయి, పెనుకొండలో మా వాకిట్లో ఎండపొయ్యి ముందు తొమ్మిదేళ్ల పిల్లనై నిలబడతాను.

ఎండపొయ్యి అంటే ఒక చెక్కపెట్టె. లోపల మసి పూసిన రేకు, చుట్టూ దట్టంగా కూరిన శెనక్కాయ పొట్టు, పైన రెండు అద్దాలు. బళ్లో లెక్కలు చెప్పే మా నాయన, హిందూపురంలో కలప అంగడి ఉన్న ఒక పెద్దమనిషి, ధర్మవరం నేతగాడు ఒకాయన కలిసి పెట్టుకున్న సంఘానికి అదొక్కటే ఆస్తి. వానలు మొహం చాటేసి, కొండల మీద కంప కూడా కరువైపోయిన ఏళ్లవి. ఎండకు మాత్రం ఏ లోటూ ఉండేది కాదు. ఆ ఎండతోనే వండుకుంటే ఆడవాళ్లకు కట్టెల కష్టం, పొగ బాధ తప్పుతాయని నాయన ఆశ. సెలవు దొరికితే చాలు, పెట్టెను బస్సు మీదికెక్కించి ముదిగుబ్బకో కొత్తచెరువుకో పోయేవాడు. ధర్మవరం మగ్గాల వీధిలో అందులో ఉడికిన పప్పును మనిషికింత చేతిలో పెడితే జనం వేళ్లు నాక్కున్నారని చెప్పి, ఆ రోజంతా తనలో తనే నవ్వుకున్నాడు.

మా ఇంట్లో మాత్రం పొగే. ఆముదం కట్టెలు, ఎండిన కందికంప, అవీ దొరకనప్పుడు పిడకలు. ఉగాదికి ఓళిగలు కాల్చినా, రోజూ సంగటి కెలికినా అమ్మ దగ్గు వీధి దాకా వినపడేది. పొగకు దూరంగా ఉంచకపోతే మనిషి దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

"ఊరూరా తిప్పుతాండారు, మనింటికెప్పుడు తెస్తారో" అనేది అమ్మ.

"అనంతపురం ఆఫీసర్లు చూసి ఇంకిన్ని పెట్టెలు చేయించడానికి సరే అననీ, మొదటి పెట్టె నీకే" అనేవాడు నాయన.

వాళ్లు మా ఇంటికే వస్తామన్న రోజు రానే వచ్చింది. నాయన పొద్దున్నే పెట్టెలో బియ్యం, కందిపప్పు పెట్టించి, ఎదురుపోవడానికి రోడ్డు మలుపు దగ్గరికి వెళ్లాడు. అమ్మ లోపల పొగలోనే వాళ్ల కోసం పుల్లగూర చేస్తోంది. వీధిలో జనమంతా గుంపుగా వచ్చి, అద్దంలోంచి గిన్నెల్లోకి తొంగి చూసి పోతున్నారు. అరుగు మీద వక్కాకు నములుతున్న మా అవ్వకు అది ససేమిరా నచ్చలేదు.

"అంతమంది చూస్తాంటే కూటికి దిష్టి తగల్దా? గుడ్డ కప్పు పాపా" అంది.

మాకది కొత్త కాదు. చేనికి సంగటి తీసుకుపోయినా, పక్కింటికి పాయసం పంపినా పైన గుడ్డ కప్పకుండా గడప దాటించేవాళ్లం కాదు. దండెం మీది అమ్మ పాతచీర తెచ్చి, అద్దం అంచు కూడా కనపడకుండా శ్రద్ధగా కప్పాను. అవ్వ కునికింది. నేను గచ్చకాయలాటలో పడ్డాను.

జీపు హారన్ వినగానే చీర లాగి దండెం మీద వేశాను. నాయన నవ్వుతూ మూత తీశాడు. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. బియ్యం గింజ గింజగా అట్లే ఉంది.

"ఏమప్పా, ఇంత ఎండలో నీళ్లే కాగలేదే!" అని ఆఫీసరు నవ్వి జీపెక్కాడు. అప్పుడే నాకు తెలిసిపోయింది, అది నేను చేసిన పనేనని. నాయన మొహం చూసి ఇంట్లోకి పరుగెత్తాను.

మర్నాడు అదే వాకిట్లో, అదే పెట్టెలో అన్నం మల్లెపువ్వులా ఉడికింది. నాయన దాని ముందు కూలబడి ఏడ్చాడు. ఆఫీసర్లకు రాసిన జాబుల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. ధర్మవరం ఆయన రావడం మానేశాడు, కలప అంగడి పెద్దమనిషి పెట్టెను హిందూపురం తీసుకుపోయాడు. ఇంకోటి చేయడానికి నాయనకు చేతులు రాలేదు. అమ్మ మళ్లీ ఆ కట్టెలపొయ్యి ముందే కూర్చుంది. మూడో ఎండాకాలం దాటి బతకలేదు.

పోయేముందు కూడా నాయన మంచంలో పడి అదే అడిగేవాడు: "ఆ పొద్దు ఎండకేమొచ్చిందో పాపా?" చెప్తే నన్ను ఏమీ అనేవాడు కాదు. ఆ సంగతి తెలిసీ చెప్పలేకపోయాను.

ఇప్పుడు ఈ వీధిలో కట్టెలమోపు మోసే మనిషి కనపడదు, ఏ ఇంటి చూరు నుంచీ పొగ రాదు. నాయన కోరుకున్నదే అంతా. నిన్న పక్కింటి పిల్ల మా పలకల మీద తడిచీర ఆరేసింది. అది చూడగానే ఒక్క ఉదుటున పోయి లాగేశాను.

"ఏమైంది అవ్వా? చీరే కదా!" అంది బిత్తరపోయి.

ఆ పిల్లకు చెప్పాను. అరవై ఏళ్లలో మొదటిసారి నోరు తెరిచి చెప్పాను. అడిగిన మనిషి మాత్రం వినలేదు.