ఉమ్మడి బావి

మా ఊరి వాట్సాప్ గ్రూపు మొదలుపెట్టింది నేనే. ఇప్పుడు దాని పేరెత్తి తిట్టేవాళ్ళు తిట్టాల్సింది కూడా నన్నే.

ముదిగుబ్బ వైపు ఒక చిన్న ఊరు మాది. నేను అక్కడే పుట్టాను, అక్కడే మేనమామ కొడుకును చేసుకున్నాను, ఆయన పోయాక కూడా అక్కడే ఉన్నాను. అంగన్వాడీ టీచర్ని. చిన్నప్పుడు నాతో చదివి బెంగళూరులో స్థిరపడిన ఒకామె, వాళ్ళ ఇల్లు ఇంకా ఉందో లేదో చూసి చెప్పమంది. ఫోన్ పట్టుకుని వెళ్ళి, కూలిన మొండిగోడలు, వాకిట్లో మిగిలిన రోలు వీడియో తీసి పంపాను. ఆమె ఏడ్చి కువైట్‌లో ఉన్న తమ్ముడికి పంపింది. అతను బళ్ళారిలో ఉన్న మేనత్తకు పంపాడు. అక్కడినుంచి ఇక నాకు ఊపిరాడలేదు. మా గోడ నిలిచిందా, మా చింతచెట్టు కాస్తోందా, మా గంగమ్మ గుడికి సున్నం కొట్టారా అని అందరూ అడిగేవాళ్ళే. పిల్లలకు గుడ్లు పెట్టి పంపేసి, ఎండలో వీధి వీధీ తిరిగి చూపించేదాన్ని. వానల్లేక పోయినవాళ్ళు, మగ్గాల పనికి ధర్మవరం పోయినవాళ్ళు, గొడవలకు భయపడి పోయినవాళ్ళు, అందరూ ఆ గ్రూపులో చేరారు. గొడవల సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

కొత్తగా ఎవరు చేరినా మొదటి ప్రశ్న ఒకటే, ఎవరి బిడ్డవు అని. అది చెప్పడం నా పని. చెప్పీ చెప్పీ విసుగొచ్చి, పెద్ద చార్టుల మీద వంశాలన్నీ గీశాను. ఒక్కో పేరు కింద ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో రాశాను. బెంగళూరు, గార్మెంట్స్ పని. కువైట్, డ్రైవరు. చనిపోయినారు. ఫొటో తీసి గ్రూపులో పెడితే పెద్ద రభస జరిగింది. తల్లికి నెలకోసారి ఫోన్ చెయ్యని మహానుభావుడు ఒకడు, ముత్తాతకు ఇద్దరు పెళ్ళాలా ముగ్గురా అని నాతో పొద్దంతా వాదించాడు.

గ్రూపులో అందరికీ ఇష్టమైన మనిషి మాత్రం మా నాయన.

ఎనభై దాటాయి ఆయనకు. పొద్దున అరుగు మీద కూర్చుంటే మళ్ళీ చీకటి పడ్డాకే లేచేది. నేను ఫోన్ ముందర పెడితే, కరువులో గంజి కేంద్రాల దగ్గర జనం తన్నుకున్నది, తోడేలును ఉట్టి చేతులతో చంపింది, చెరువు కట్ట తెగితే రాత్రంతా మనుషులే అడ్డం పడుకున్నది, అన్నీ చెప్పేవాడు. గొంతు కంచులాగా ఉండేది. దూరాన ఉన్నవాళ్ళు ఆ గొంతు విని పెద్దాయన, పెద్దాయన అని చేతులెత్తి మొక్కే బొమ్మలు పెట్టేవాళ్ళు. సాయంత్రం కాగానే అడిగేవాడు. "ఈ పొద్దు ఎంతమంది ఇన్నారు?"

వాళ్ళకు తెలియని సంగతి ఏమిటంటే, ఆ చేత్తోనే మా అమ్మను జుట్టు పట్టి వాకిట్లో ఈడ్చేవాడు. అన్నం చల్లారిందని చేతిలో చెంబు ముఖాన విసిరేవాడు. మా అన్న పదిహేనో ఏట ఇల్లొదిలి పోయింది ఆ దెబ్బలకే. నాకు పెద్దయ్యాక ఆయనంటే భయం పోయింది కానీ, ప్రేమ మాత్రం రాలేదు.

ఆయన చెప్పిన వాటిలో జనం మళ్ళీ మళ్ళీ అడిగింది బావి పూడ్చిన కథ. చేని దగ్గర మా వంశానికంతా ఒక ఉమ్మడి బావి ఉండేది. నీళ్ళు అడుగంటి ఎండిపోయింది. అందులో గొర్రెపిల్ల పడి చచ్చిందని, రేపు మనుషుల పిల్లలు పడతారని, మా నాయన వీధిలో పిల్లలందరినీ పిలిచాడు. గుట్ట నుంచి బావి దాకా వరుసగా నిలబెట్టి, చేతి నుంచి చేతికి రాళ్ళు అందించి పూడిపించాడు. వేయించిన శెనక్కాయలు, బెల్లం పెట్టాడు. అప్పటి పిల్లలందరికీ ఇప్పుడు తల నెరిసింది. నా చేతికి బొబ్బలొచ్చినాయి అని ఒకరు, నేను బెల్లం రెండుసార్లు తీసుకున్నా అని ఒకరు గ్రూపులో మురిసిపోయేవాళ్ళు. నాకూ బాగా గుర్తుంది. వరుసలో చివర, బావి గట్టు మీద నిలబడింది నేనే. అందిన రాయినల్లా లోపల వేసింది నేనే.

పోయిన వేసవిలో బళ్ళారి నుంచి ఒకతను చేరాడు. ఎవరి బిడ్డవు అని అందరూ అడిగారు. చెప్పాడు. గ్రూపు ఒక్కసారిగా మూగబోయింది. ఆ తర్వాత అతని గొంతు వచ్చింది.

"అక్కా, నువ్వు గీసిన పటంలో మా నాయన పేరు ఉండాది. కింద మాత్రం ఏమీ రాయలేదు. అందురూ యాడున్నారో రాసినావు. మా నాయన యాడున్నాడని రాస్తావు?"

అతని నాయన మాకు దాయాది. మా తాత, అదే జేజినాయన, వాళ్ళ జేజినాయన అన్నదమ్ములు. ఉమ్మడి బావిలో సగం వాళ్ళది. నీళ్ళు తగ్గేకొద్దీ వంతుల దగ్గర కొట్లాటలు ముదిరాయి. ఒకసారి ఆయన పారతో కొడితే మా నాయన తల పగిలింది. ఆ రాత్రే వాళ్ళ ఎద్దు కాలి నరం ఎవరో కోసేశారు. ఎవరో అంటున్నాను కానీ, కొడవలి కడిగిన నీళ్ళు నేను చూశాను. కొన్నాళ్ళకు ఆ మనిషి కనిపించకుండా పోయాడు. పెళ్ళాం నోటికి భయపడి దేశాలు పట్టిపోయాడని ఊరంతా అనుకుంది. ముందు అన్నది మా నాయన. నీళ్ళకాడ ఆడవాళ్ళు ఆమెను చూసి ఉమ్మేసేవాళ్ళు. చంకలో పిల్లవాడితో ఆమె ఆ ఊళ్ళోనే మొగుడి కోసం ఎదురుచూస్తూ ఉంటే, ఒకనాడు పట్టపగలు ఆమె ఉంటున్న కొట్టం అంటుకుంది. కట్టుబట్టలతో బళ్ళారి బస్సెక్కి పుట్టింటికి పోయింది.

ఆ చంకలో పిల్లవాడే ఇప్పుడు మాట్లాడుతున్నది.

"మా యమ్మకు కండ్లు కనపడవు అక్కా. ఇంగా బొట్టు పెట్టుకుంటాది. తాళి తీయలేదు. నా నోటి కోసరమే ఇడిసిపోయినాడని ఈ పొద్దుకీ ఏడుస్తాంది. ఆయప్ప బతికినాడో సచ్చినాడో సెప్పండి. మా యమ్మ పోయేలోపల తెలిస్తే సాలు."

నా చిన్నప్పుడు ఒక తెల్లవారుజామున మా అమ్మ నీళ్ళకాగు కింద పొయ్యిలో మా నాయన చొక్కా కాలుస్తూ ఏడవడం నేను చూశాను. ఎందుకని అడిగితే నోరు నొక్కింది. చెప్పకుండానే ఆమె పోయింది, అడక్కుండానే నేను ఇన్నేళ్ళు బతికాను.

ఫోన్ తీసుకుపోయి అరుగు మీద పెట్టి ఆ గొంతు వినిపించాను. మా నాయన తల పక్కకు వంచి విన్నాడు.

"వాని నాయన గొంతే," అన్నాడు. "ఆ పేరు కొట్టెయ్."

"కొట్టెయ్యను. ఆయప్ప యాడున్నాడో సెప్పు."

చేతికర్ర ఎత్తి నా మణికట్టు మీద కొట్టాడు. ఎముక కణుక్కుమంది. ఫోన్ బండ మీద పడి అద్దం పగిలింది. రెండో దెబ్బకు ఎత్తినప్పుడు నేను కర్ర పట్టుకుని లాగేసి అరుగు అంచుకు కొట్టాను. రెండు ముక్కలైంది. నాకూ ఆయన కోపమే వచ్చింది, ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకున్నది కాదు.

"సెప్పు నాయనా. యాడున్నాడు?"

ఆయన నవ్వాడు. "నీ గ్రూపులో ఎన్ని తూర్లు సెప్పినా. ఇనలేదా? బాయిలోనే ఉండాడు. మీరందురూ కలిసే కదా రాళ్ళేసినారు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనే చెప్పుకుంటూ పోయాడు, తోడేలు కథ చెప్పినట్టే, అదే కంచు గొంతుతో. ఆ పొద్దు ఆ మనిషి నీళ్ళ కోసం ఒక్కడే బావిలోకి దిగి పూడిక తీస్తున్నాడు. మా నాయన, మా చిన్నాయన గట్టు మీద నిలబడ్డారు. "మొదటి రాయి నేనేసినా. నడుం మీద పడింది. పైకి సూసి 'అన్నా' అన్నాడు. రెండోది మీ చిన్నాయన ఏసినాడు. అది తలకు తగిలింది. నేను దిగి ఒక పోటు పొడిసి వచ్చినా, సొక్కా అంతా నెత్తురే. పైన ఇంత మట్టి తోసినాం. మర్నాడు మిమ్మల్ని పిలిసినాం."

"అప్పటికి ప్రాణం పోయిండెనా?"

"మల్లా దిగి సూసిందెవరు?"

చేతిలో ఉన్న కర్ర ముక్కతో మా నాయనను కొట్టాను. భుజం మీద, ఇంకోసారి వీపు మీద. ఎనభై దాటిన ముసలాయనను, కన్నతండ్రిని కొట్టాను. తప్పు చేశానని ఆ రోజు అనిపించలేదు, ఇప్పటికీ అనిపించడం లేదు. ఆయన చేతులు అడ్డం పెట్టుకోలేదు, నన్ను చూసి ఉమ్మేశాడంతే.

ఆ కొడుకుకు ఫోన్ చేసి అంతా చెప్పాను, మల్లా దిగి సూసిందెవరు అన్న ఆ చివరి మాట ఒక్కటి తప్ప. అది చెప్పడానికి నాకు నోరు రాలేదు. గ్రూపులో చెప్పమంటావా అని అడిగితే, చెప్పు అక్కా, మా యమ్మను తిట్టింది ఊరంతా కదా అన్నాడు.

చెప్పాను. ఊరి కథలన్నీ చెప్పినట్టే ఫోన్ పట్టుకుని, బావి దగ్గర నిలబడి చెప్పాను. కొందరు చెప్పాపెట్టకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయారు. కన్నతండ్రిని బజారుకీడ్చిన దానివి నువ్వేం ఆడదానివని కొందరు తిట్టారు. కువైట్‌లో ఉన్నతను మాత్రం నాకు ఫోన్ చేసి, నేనూ మోసినా కదక్కా, నేనూ మోసినా కదా అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. చిన్నాయన చచ్చిపోయి ఏళ్ళయింది కానీ, ఆయన కొడుకులు ఇద్దరూ తాగి వచ్చి నా తలుపు గొడ్డలితో నరికారు. నేను లోపల రోకలి పట్టుకుని నిలబడ్డాను. ముందు కాలు లోపలికి పెట్టినవాడి మోకాలు పగలగొట్టాను. ఇంకొకడు వాణ్ణి మోసుకుని పోయాడు.

తరువాతి వారం బళ్ళారి నుంచి కారు వచ్చింది. కొడుకు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చే వచ్చాడు. పోలీసులు తవ్వేటప్పుడు తల్లి చూడకూడదని, దానికి ముందే తీసుకొచ్చాడు. బక్కపల్చటి ముసలామె. నుదుటి మీద పెద్ద కుంకుమ బొట్టు, రెండు చేతులకూ నిండుగా పచ్చ గాజులు. కారు దిగగానే తడుముకుంటూ ఎదురుగా ఉన్న నా భుజం పట్టుకుంది. చేని గట్టు మీద మెల్లగా నడిపించుకుని పోయాను. దారి పొడుగునా, నీ కడుపు సల్లగుండ, నీ కడుపు సల్లగుండ అంటూనే ఉంది. నేను ఎవరో కొడుకు చెప్పలేదని అప్పుడు తెలిసింది.

బావి ఉన్నచోట ఇప్పుడు సర్కారు తుమ్మ కమ్ముకున్న రాళ్ళ దిబ్బ. ఆమె కింద కూర్చుని రాళ్ళను రెండు చేతులా తడిమింది.

"ఇడిసిపోలేదు," అంది. "నన్ను ఇడిసిపోలేదు. ఈడనే ఉండాడు."

అదే మాట అంటూ నుదురు రాయికేసి కొట్టుకుంది. కొడుకు పట్టుకున్నాడు. కాసేపటికి తేరుకుని, గాజులు తీయాల, ఎవరైనా మొగుడు పోయినామెను పిలవండి అంది. ఊరి ఆడవాళ్ళు దూరంగా గట్టు మీద నిలబడి చూస్తున్నారు. ఒక్కరూ ముందుకు రాలేదు.

"నేనూ మొగుడు పోయినదాన్నే," అన్నాను.

ఆమె తడుముకుంటూ నా భుజం పట్టుకుని, నా ముఖం వైపు తల తిప్పింది. "నువ్వు ఎవరి బిడ్డవమ్మా?"

ఎక్కడెక్కడివాళ్ళకో ఆ ప్రశ్నకు జవాబు చెప్పినదాన్ని. మా ఆయన ఇంటిపేరు చెప్పి తప్పించుకోవచ్చు, ఆమెకు కళ్ళు కనపడవు. కొడుకు నేల చూస్తున్నాడు. నేను మా నాయన పేరు చెప్పాను.

నా భుజం మీద చెయ్యి బిగుసుకుంది. గోళ్ళు దిగాయి. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆమె చెయ్యి తీసేసి, రెండు ముంజేతులూ ఎదురుగా ఉన్న రాయి మీద పెట్టింది.

"అయితే నువ్వే పగలగొట్టు," అంది. "మీ నాయన సగం పని సేసి ఇడిసినాడు."

ఒక రాయి తీసుకుని కొట్టాను. గాజులు ఒక దెబ్బకు పోలేదు. పెంకు గుచ్చుకుని ఆమె మణికట్టు నుంచి రక్తం కారింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. రెండో చేతికి కూడా నేనే కొట్టాను.