కొండమీది చాపెల్‌లో వసుమతి

కొలరాడో కొండల్లో, వెండి గనుల కోసం వెలసిన చిన్న ఊరది. డాక్టర్ హరనాథ్‌కి అక్కడి క్లినిక్‌లో ఉద్యోగం రావడంతో వసుమతి 1978లో ఆ మంచులోకి కాపురానికి వచ్చింది. ఆ ఊళ్లో తెలుగు మాట వినాలంటే భర్త ఇంటికి రావలసిందే.

తొంభై ఏళ్ల కిందట గని కార్మికులు కట్టుకున్న చెక్క చాపెల్, ఓ చిన్న చర్చి, వాళ్లింటి వెనకే ఉండేది. డిసెంబరులో ఓ ఆదివారం పాట వినిపించి వసుమతి గుమ్మందాకా వెళ్లింది. పాత ఆర్గన్ ముందు ఎడ్నా అనే ముసలావిడ కూచుని ఉంది. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయాయి. వాయిద్యం సగంలో ఆగిపోయింది.

ప్రార్థన అయ్యాక ఎడ్నా ఆమెను పలకరించింది. "నీకు వాయించడం వచ్చా, అమ్మాయ్?"

"మా ఇంట్లో హార్మోనియం వాయించేదాన్ని. కానీ మాది మీ మతం కాదు."

"ఆ సంగతి ఆర్గన్‌కి తెలీదులే. కూచో."

దాని తిత్తులు కాళ్లతో తొక్కాలి. హార్మోనియం తిత్తి కొట్టడం తప్ప వేరే పని ఎరగని ఎడమచెయ్యి ఖాళీగా మిగిలింది. వసుమతి దాంతో షడ్జమం, పంచమం నొక్కిపట్టి, కుడిచేత్తో ఎడ్నా కూనిరాగం తీసిన వరస పట్టుకుంది. పద్ధతి అది కాదని ఎవరూ అనలేదు.

హరనాథ్ విని నవ్వాడు. "మీ నాన్నగారికి రాసే లెటర్‌లో ఈ మాట స్కిప్ చేయి."

"మొదట రాసేది అదేనండీ."

తొమ్మిదేళ్లపాటు ఆదివారాలు ఆర్గన్ ఆమెదే. మధ్యలో గని మూతపడింది, ఊరు పలచబడింది. 1986 చలికాలంలో మంచు బరువుకి చాపెల్ కప్పు దూలం విరిగింది. పడగొట్టేద్దామన్నారు సంఘం పెద్దలు. వసుమతి ఎడ్నా దగ్గర అడ్రసులు తీసుకుని, ఊరు వదిలిన ప్రతి కుటుంబానికీ ఉత్తరం రాసింది. జూన్‌లో నలభైమంది కార్లలో దిగారు. ముసలి గని కార్మికులు నిచ్చెనలెక్కి కొత్త దూలం ఎత్తుతుంటే ఎడ్నా కింద కుర్చీ వేసుకుని అజమాయిషీ చేసింది. వసుమతి అందరికీ నిమ్మకాయ పులిహోర వడ్డించింది. ఇక పడగొట్టే మాట ఎవరూ ఎత్తలేదు.

మరుసటేడు ఎడ్నా పోయింది. హరనాథ్ ఉద్యోగం బాతెల్ అనే దూరపు ఊరికి మారింది. అక్కడ ఆదివారం పదింటికి వసుమతి కాసేపు చేస్తున్న పని ఆపేసేది.

"ఏమైంది?" అనేవాడు హరనాథ్.

"ఏం లేదండీ. చాపెల్‌లో ఈపాటికి అందరూ వచ్చి కూచుని ఉంటారు."