పాలపొడి డబ్బా, సగం డ్రమ్ము

మోత్కూర్ ఆముదం మిల్లులో డ్రమ్ములు దించే నూరుద్దీన్‌ను చూసి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. నేనక్కడ మిషన్ నడిపేవాణ్ణి. గోదాము ఎత్తు మీద ఉండేది, లారీ పల్లంలో ఆగేది. నిండు డ్రమ్ము ఆ వాలులో తిన్నగానే దొర్లుతుంది. సొట్టపడి, సగమే నూనె ఉన్నది మాత్రం తాగినోడిలా ఎటు తూలుతుందో చెప్పలేం. అందుకే నూరుద్దీన్ ఒక పాలపొడి డబ్బా పెట్టుకున్నాడు. డ్రమ్ముకు ఎక్కడ సొట్ట ఉంటే డబ్బాకూ అక్కడే సుత్తితో సొట్ట కొట్టేవాడు. డ్రమ్ములో ఎన్నో వంతు నూనె ఉంటే డబ్బాలోనూ అంతే ఆముదం పోసి, మూత బిగించి, ఏటవాలు పలక మీద దొర్లించి చూసేవాడు. పిల్లలాటని ఎగతాళి చేశాం. పదహారేళ్లలో ఒక్కరి వేలు కూడా నలగలేదు. ఇక మేం నోరు మూసుకున్నాం.

ఎనభై ఎనిమిది ఎండాకాలం. ఏ సరుకులోనైనా ఆఖరి డ్రమ్ము సగమే నిండుతుంది. గోడవారనున్న సగం డ్రమ్మే అదనుకుని నూరుద్దీన్ డబ్బా దొర్లించాడు. అది మెల్లగా ఎడమకు ఒరిగింది.

"నిమ్మలంగ వస్తది. నువ్వు కుడి దిక్కు నిలవడు మైసన్నా," అన్నాడు.

కింద డ్రమ్ములందుకునే మైసయ్య మారుమాట లేకుండా కుడివైపు నిలబడ్డాడు. వాళ్లది పన్నెండేళ్ల జోడీ. డ్రమ్ము రెండు చుట్లు బుద్ధిగానే తిరిగింది. మూడో చుట్టులో సొట్ట మీద ఎగిరి కుడికి మళ్లింది. మేం రెప్ప వేసేలోపే మైసయ్య మోకాలు దాని కింద ఉంది. అంత కేక నేను జన్మలో వినలేదు.

"నీ డబ్బాను నమ్మే గద నూరన్నా, ఆడ నిలవడ్డడు!" అని మైసయ్య భార్య బాలనర్సమ్మ గుండెలు బాదుకుంటూ దవాఖానకు పరుగెత్తింది.

నూరుద్దీన్ డబ్బా దగ్గరికి తిరిగొచ్చాడు. తన చెయ్యి తప్పిందా, డబ్బా తప్పిందా? అదే సొట్టతో, అదే నూనెతో పదిసార్లు దొర్లించాడు. పదిసార్లూ ఎడమకే. విసుగొచ్చి చిక్కటి నూనె ఒంపేసి పల్చటి నీళ్లు పోశాడు. మూడో చుట్టులో డబ్బా ఎగిరి కుడికి దూకింది. నూరుద్దీన్ పరుగున పోయి డ్రమ్ము బిరడా తీశాడు. లోపల నీళ్లు!

"ఎవడు పోసిండు? వాని చేతులిరుగ!"

మిల్లులో ఆముదాలు చెరిగే సకీనా, అతని భార్యే, చాట కింద పెట్టి లేచింది.

"తిట్టకు. నేనే పోసిన."

కారణం ఆమే చెప్పింది. ఊరి ఫ్లోరైడు బోరు నీళ్లకు నూరుద్దీన్ తండ్రి నడుం వంగిపోయింది. తియ్యటి నీళ్లు తాగించమన్నాడు డాక్టరు. మిల్లుకు ట్యాంకరొచ్చిన రోజు మనిషికో బిందె ఇచ్చేవారు. ఖాళీ డ్రమ్మును బూడిదతో తోమి, ఆ నీళ్లు కూడబెట్టి, ఎవరూ ఎత్తుకుపోకుండా నూనె డ్రమ్ముల మధ్య దాచిందామె.

"గా మూలకు ఎవరు రారనుకున్న," అంది.

నూరుద్దీన్ నేరుగా దవాఖానకు నడిచాడు. నేనూ వెంట వెళ్లాను. పట్టీల కాలుతో పడుకున్న మైసయ్య ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"డ్రమ్ముల నీళ్లున్నయి మైసన్నా. మా సకీనా దాసింది, మా అబ్బా కోసం. నీ కాలు మేమే ఇరగ్గొట్టినం."

మైసయ్య తిడితే బాగుండునని నాకనిపించింది.

"ఆ నీళ్లు పారబొయ్యలే గద?" అన్నాడు.

"లే."

"ఇంటికి తీస్కపో. అండ్ల సగం నా వంతు నీళ్లే. పెద్దాయనకని వదినె అడిగితే నేనే ఇచ్చిన. యాడ దాస్తాందో అడగలే."