ఐ వర్క్ హార్డ్లీ!

ఒకే ఒక్క ‘లీ’తో ముగ్గురి ఉద్యోగాలకీ, తన పరువుకీ ఒకే గదిలో నిప్పంటించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, ఈ కథ చెబుతున్నది ఆవిడే.

అప్పట్లో బర్మాలో, మనవాళ్ళు రంగూన్ అనే యాంగోన్‌లో, చిమిండైంగ్ బజారు వెనక, మా ఇంటి ముందుగదిలో సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పేదాన్ని. మా వీధి తెలుగువాళ్ళలో పాఠం చెప్పే స్థాయికెళ్ళిన మొదటి ఆడపిల్లని నేనే. ఆ గర్వంతో నా తల ఎంత ఎత్తున ఉండేదంటే, గుమ్మం తగిలి బొప్పి కడుతుందేమోనని మా అమ్మ భయపడేది.

నా శిష్యులు ముగ్గురు. ఓడరేవులో మూటలు మోసినవాళ్ళ మనవడు సింహాచలం బాబాయ్. మా మేనత్త కొడుకు రాజు. నది అవతలి దలా నుంచి పడవ దాటి వచ్చే తిడా అనే బర్మా అమ్మాయి. ముగ్గురికీ ఒకటే కల: సేక్కాన్‌లో నది ఒడ్డున తెరవబోతున్న కొత్త హోటల్లో ఉద్యోగం.

ఒకరోజు బాబాయ్ అడిగాడు. “అమ్మీ, స్లోకి స్లోలీ, క్విక్కుకి క్విక్లీ అన్నావు. మరి హార్డుకేటి?”

“హార్డ్లీ!” అన్నాను, కన్నయినా ఆర్పకుండా.

“అయితే కష్టపడి పన్జేస్తానంటే, ఐ వర్క్ హార్డ్లీ అనాలా?”

“అచ్చం అంతే!”

తిడా బెరుగ్గా చెయ్యెత్తింది. “సయామా, పుస్తకంలో వర్క్ హార్డ్ అని చూశానే?” సయామా అంటే బర్మా భాషలో టీచరమ్మ.

“అచ్చుతప్పు!” అన్నాను. చూశారా తెగువ! కాలు జారితే తీసుకోవచ్చు గానీ, ‘లీ’ జారితే తీసుకోగలమా?

ఇంటర్వ్యూకి ముగ్గురినీ ఒకేసారి పిలిచారు. శిష్యుల వైభవం కళ్ళారా చూడాలని నేనూ వెళ్ళి గోడవారన కూర్చున్నాను. మేనేజరు కళ్ళజోడు పెట్టుకున్న బర్మా పెద్దావిడ. ఉద్యోగం మీకే ఎందుకివ్వాలని ఇంగ్లీషులో అడిగింది.

బాబాయ్ ఛాతీ విరిచాడు. “మేడం, ఐ వర్క్ హార్డ్లీ!”

“హార్డ్లీ?”

“ఎస్ మేడం! వెరీ హార్డ్లీ!”

రాజు వెనకపడతాడా? “డే అండ్ నైట్, హార్డ్లీ!”

తిడా అనుమానంగా నావైపు చూసింది. నేను ధీమాగా తలూపాను. “మై ఫ్యామిలీ ఆల్సో హార్డ్లీ,” అంది పాపం.

ఆవిడ పెదవులు ఉడుకుతున్న గిన్నె మీద మూతలా అదరసాగాయి. “మీకు ఇంగ్లీషు నేర్పిందెవరు?”

మూడు వేళ్ళు నావైపు తిరిగాయి. నేను పెళ్ళికూతురిలా లేచి నిలబడ్డాను.

“ఐ, మేడం. ఐ టీచ్ వెరీ హార్డ్లీ.”

అంతే! ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, కడుపు పట్టుకుని, కన్నీళ్ళొచ్చేలా నవ్వింది. కాసేపటికి తేరుకుని బర్మీస్‌లో చెప్పింది. “అమ్మాయ్, హార్డ్లీ అంటే కష్టపడి అని కాదు, అసలు పని చేస్తే ఒట్టు అన్నట్టు! కష్టపడతాం అనడానికి హార్డ్ ఒక్కటే చాలు.”

తానొకటి తలిస్తే గ్రామరొకటి తలచింది. బయట పారుతున్న నది లోపలికొచ్చి నన్ను ఎత్తుకుపోతే బాగుండుననిపించింది. కానీ ముగ్గురి ముఖాలూ వాడిపోవడం చూశాక నోరు ఊరుకోలేదు.

“మేడం, తప్పు నాది. తిడాకి సరైనదే తెలుసు, నేనే కాదన్నాను. నేను చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పారు, అంతే. వీళ్ళలా మాట మీద నిలబడేవాళ్ళు మీకు దొరకరు.”

ఆవిడ మమ్మల్ని నలుగుర్నీ మార్చి మార్చి చూసింది. “కష్టపడతామని ఇక్కడికొచ్చిన ప్రతివాళ్ళూ చెబుతారు. పని చెయ్యబోమని ముందే నిజం ఒప్పుకున్నది మీరొక్కరే. సోమవారం నుంచి రండి.”

రోడ్డెక్కాక నేను తలవంచుకుని నడుస్తుంటే బాబాయ్ భుజం తట్టాడు. “ఏటమ్మీ, ఆ ఏడుపు మొకం? నువ్వు సెప్పినట్టే సెప్పినాం, ఉజ్జోగాలొచ్చీసినాయి. మరింకేటి కావాలి?”

చెప్పొద్దూ, వంగిన తల మళ్ళీ లేచింది. ఆ ముగ్గురూ నా శిష్యులేనని ఈనాటికీ అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ చెబుతుంటాను.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై తెలియని ప్రశ్నకి “రేపు చెబుతాను” అంటాను. ఏ ఇంగ్లీషు మాటకీ నా చేత్తో తోక అతికించను. ఈ మాట మీద స్ట్రాంగ్‌గా, ఫర్మ్‌గా, ఫాస్ట్‌లీగా...

అయ్యయ్యో! రేపు చెబుతాను.