పులిని పొడిచినవాడికి సున్నం

కొండగట్టుకు పోయే కాలిబాట పక్కనున్న వీరగల్లు నక్సలైట్ల స్తూపమని ఇవాళ పొద్దున మా కొత్త ఎస్సైగారు కనిపెట్టారు. పులిని బల్లెంతో పొడుస్తున్న మనిషిని చెక్కిన పాతరాయి అది. కల్లుగీసే ఇంటి మల్లవ్వ ఏటేటా దానికి ఎర్రటి జాజు పూస్తుంది. నిన్ననే పూసింది, ఆ ఎరుపే ఆయన కంట్లో పడింది. నేను బడి మొహం చూడనివాణ్ని. పొలం గట్ల మీద కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. అయినా స్తూపం మీద పులి ఎందుకుంటుందని నాకే తోచింది.

"ఎవడిదే ఈ స్తూపం? ఎప్పుడు చచ్చాడు?" అన్నారాయన, మల్లవ్వను రాయి దగ్గరికి పిలిపించి.

"మా తాతకు సుత ఎర్కలేదు సారూ. ఊరి మీద వడ్డ పులితోటి కొట్లాడి సచ్చిండట" అంది మల్లవ్వ.

"చేతిలో ఆయుధం ఉందిగా!"

"మరి పులిని ఉత్త చేతులతోటి పొడుస్తరా సారూ?"

జనం నవ్వు ఆపుకున్నారు. ఆయన గడ్డపార తెమ్మన్నారు. మా సర్పంచి అడ్డుపడి, రాయిని పగలగొట్టొద్దు, ఎరుపు మీద సున్నం కొట్టిద్దామన్నాడు. ఊరి చరిత్రను కాపాడానని అప్పటినుంచి మీసం దువ్వుతున్నాడు. ఇంతటి మేధావులు మీ ఊళ్లో ఉన్నారా? నన్నూ లెక్కలో వేసుకోండి, సున్నం బకెట్ మోసింది నేనే.

సాయంత్రం అటు పోతే మల్లవ్వ రాయిని కొబ్బరిపీచుతో రుద్దుతోంది.

"సూస్తవేంది బావా? బకెట్ మోసిన చేతులే గదా, గీ పీచు పట్టు" అంది.

పట్టాను. చీకటిపడేసరికి పులి బయటపడింది. మనిషి మొహం ఇంకా సున్నంలోనే ఉంది. రేపు పొద్దున ఆ మొహం రుద్దడానికి ఎవరెవరు వస్తారో చెప్పండి.