పట్టీలు తీయించిన సారు

సారు పోయారని సోమవారం మూడో పీరియడ్‌లో తెలిసింది. స్కూలు ఆఫీసుకు ఆయన కోడలు ఫోన్ చేసింది. "మా మామ పొద్దుగాల పోయిండు మేడమ్" అంది, అంతే. నేను క్లాసుకు తిరిగి వెళ్ళి పిల్లల చేత జంట స్వరాలు చివరిదాకా వాయింపించాను. పాఠం మధ్యలో ఆపితే ఆయనకు నచ్చదు. ఆ తర్వాతే ఏడ్చాను.

సారు యాకుత్‌పురా స్టేషన్ దగ్గర ఉండేవారు. పగలు ఫ్యాక్టరీలో తయారైన సామాను కొలిచి చూసే ఉద్యోగం, సాయంత్రం ఇంటి ముందు గదిలో వయొలిన్ పాఠాలు. ఒక్కొక్క శిష్యుడికీ ఒక నోటుపుస్తకం పెట్టేవారు. అందులో మార్కులు ఉండవు. ఫలానా పిల్లకు మధ్యమం ఎక్కడ జారుతోంది, దానికి తాను ఏం చెప్పి చూశారు, బాగుపడిందా లేదా, ఇదే రాసుకునేవారు. మా నాన్న బదిలీ మీద కాకినాడ నుంచి వచ్చి, నేను ఆయన దగ్గర చేరిన కొత్తలో నాకు ఆయన యాస సగమే అర్థమయ్యేది. అర్థమైన మొదటి మాట మాత్రం ఇప్పటికీ వదల్లేదు. నేనేదో "అనిపిస్తోంది సార్" అన్నాను. "అనిపిచ్చుడు వద్దు బిడ్డా. ఎంతమందిల చూసినవ్, ఎన్నిసార్లు చూసినవ్, గది చెప్పు" అన్నారు.

అలాంటి మనిషికీ ఒక మొండిపట్టు ఉండేది. వయొలిన్‌కు వీణకున్నట్టు మెట్లు ఉండవు, వేలు ఎక్కడ పెట్టాలో కొత్తవాళ్ళకు తెలియదు. అందుకని కొందరు మాస్టార్లు తీగల కింది నల్ల పలక మీద తెల్ల చుక్కలు పెడతారు. మా సారుకు ఆ చుక్కలంటే ఒళ్ళుమంట. "కండ్లతోటి వాయిస్తవా? చెవులు లెవ్వా?" అంటూ తడిగుడ్డ తెచ్చి తుడిచేసేవారు. ముప్పై ఏళ్ళు అదే మాట మీద ఉన్నారు.

తొంభైల్లో నేను టీచరునయ్యాక, వాద్యం నేర్పేవాళ్ళకు ఒక శిక్షణ పెట్టారు. అందులో పరిశోధన పద్ధతులని ఒక పేపరు. సొంతంగా ఒక చిన్న పరిశోధన చేసి రాసిస్తేనే నా ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. సారు మాటనే రుజువు చేసి ఆయన్ను మెప్పిద్దామనుకున్నాను. ఆయన్ను ఎలాగో ఒప్పించి, ఆయన దగ్గర కొత్తగా చేరిన పన్నెండుమంది ఆడపిల్లల్లో ఆరుగురి వయొలిన్ల మీద చుక్కలు పెట్టాను, ఆరుగురికి పెట్టలేదు. మూడు నెలలు అందరికీ ఒకే పాఠం నేనే చెప్పాను. ఆఖర్న సారు పక్క గదిలో ఆకుపచ్చ పరదా వెనక కూర్చుని, ఎవరు వాయిస్తున్నారో చూడకుండా శ్రుతికి మార్కులు వెయ్యాలి.

చుక్కలు లేనివాళ్ళే గెలిచారు. నేను గాల్లో తేలిపోతుంటే సారు మొహం మాడ్చుకుని బయటికి వచ్చారు.

"ఇది చెల్లది బిడ్డా."

"ఎందుకు చెల్లదు సార్?"

"పట్టీలు! గల్లుగల్లున నడిచొస్తుంటేనే ఏ పిల్లనో నాకు ఎరుకైతది. చుక్కలు లేని పిల్ల అని తెల్సినంక నా చెయ్యి ఊకుంటదా? ఓ మార్కు ఎక్కువనే ఏసిన."

"మీ మాటే కదండీ నెగ్గింది! పదిరోజుల్లో పేపరు ఇవ్వాలి."

"నేను నెగ్గుడు ఎందుకు? పిల్లలకు శ్రుతి కుదరాలె. ఫికర్ చెయ్యకు, ఆదివారం మళ్ళ పెడదాం."

ఆదివారం గుమ్మం దగ్గర స్టీలు పళ్ళెంలో పన్నెండు జతల పట్టీలు పెట్టించారు. పిల్లలు చప్పుడు చేయకుండా వెళ్ళి వాయించి వచ్చారు. ఈసారి చుక్కలున్నవాళ్ళకే ఎక్కువ మార్కులు పడ్డాయి, అనుమానం లేకుండా. మొదటిసారి మార్కులే రాసేస్తే ఎవరికి తెలుస్తుందిలే అని ఒక్క క్షణం అనుకున్నాను కూడా. దాచడం దేనికి? చివరికి మార్కులు కూడిన కాగితం ఆయన చేతికే ఇచ్చాను.

రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ముప్పై ఏండ్లు తప్పు చెప్పిననేమో" అన్నారు మెల్లగా. "పన్నెండు మందిల తేలిన ముచ్చట ఇది, ఇంకోలు ఇంకింతమందిల చూస్తరు. ఎట్లయిందో గట్లనే రాయి. మొదటిసారిది ఎందుకు చెల్లలేదో గది గూడ రాయి. సారు తప్పని రాయి."

తర్వాత పిల్లలందరినీ పిలిచి ఆ మాటే చెప్పారు. చుక్కలు లేని ఆరు వయొలిన్లూ ఒళ్ళో పెట్టుకుని, నన్ను ముట్టుకోనివ్వకుండా, తన చేత్తోనే చుక్కలు పెట్టారు. అప్పటినుంచి ఆ ఇంట్లో పరీక్ష అంటే పరదా, గుమ్మంలో పట్టీల పళ్ళెం.

ఉద్యోగం పర్మనెంటయింది. ఎన్నో కచేరీలు విన్నాను, పెద్ద పెద్దవాళ్ళను చూశాను. నేర్చుకునే పిల్లల ముందు నిలబడి, తన మాటే తప్పని చెప్పిన మాస్టారును మాత్రం ఒక్కరినే చూశాను. ఆయన శిష్యురాలినని చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెద్దదవుతుంది. కానివ్వండి.

సారు పోయిన పదోరోజున, ఆయన దగ్గర నేర్చుకుంటున్న పిల్లలు ఆయన కోసం వాయిస్తామన్నారు. అదే ముందు గది, వెలిసిపోయిన అదే పరదా, దాని వెనక ఖాళీ కుర్చీ. అందరికన్నా చిన్నపిల్ల, ఈ ఏడే చేరిందట, గుమ్మంలో వంగి పట్టీలు తీస్తోంది.

"ఇయ్యాల పరీక్ష లేదమ్మా" అన్నాను, వాళ్ళ మాటలోనే.

"ఉంచుకుంటె సారు గుర్తుపడ్తడు మేడమ్" అంది.

పట్టీలు స్టీలు పళ్ళెంలో పెట్టింది. వెనకున్న పిల్లలు కూడా ఒక్కొక్కరే వంగారు. చప్పుడు లేకుండా లోపలికి వెళ్ళి, పరదా వైపు తిరిగి కూర్చుని, శ్రుతి చేసుకోవడం మొదలుపెట్టారు.