మూడు గదుల పెట్టె

మా ఆయన వడ్రంగి. బీరువాలు, వంటింటి అరలు చేస్తారు. ఆయన పనికి ఒక గుర్తుంది. ప్రతి అడ్డచెక్కకూ వెనక మూలన వేలు దూరేంత కన్నం పెడతారు. "కట్టెకి గాలాడకపోతే ముక్కిన వాసనొస్తుందే" అంటారు. పెళ్లయిన కొత్తలో నా బట్టల బీరువాకూ పెట్టారు. అందులోంచి బొద్దింక వచ్చినప్పుడల్లా నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయను.

అలాంటి మనిషి ఉన్నట్టుండి స్పీకరు పెట్టె చేస్తానన్నారు, వాళ్ల అక్క కోసం.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. మా వదిన విషయంలో ఆ లెక్క తప్పు, ఆవిడ ముప్పాతిక. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. ఆ పెత్తనం ఇప్పటికీ నా కూరలో ఉప్పు దాకా వస్తుంది. వయసులో ఉండగా ఆవిడ ఒక బృందంలో పాడేది, పాతిక ముప్పై మందిలో ఒక గొంతుగా. ఆ పాటల్లో ఒక్కటే రికార్డయింది. ఇప్పుడు గొంతు బొంగురుపోయింది. చెవులూ రోజురోజుకీ తగ్గిపోతున్నాయి, ఇక ఎంతోకాలం వినపడదని డాక్టరు చెప్పేశాడు. ఇంటికొచ్చి ఆవిడ ఏడవలేదు.

"ఆ పాటలో నేనున్నానో లేనో ఒక్కసారి వింటే చాలురా. ఎప్పుడు పెట్టినా డోలు మోతే తప్ప నా గొంతు దొరకదు" అంది తమ్ముడితో.

రేడియోలు బాగుచేసే స్నేహితుడొకాయన కిటుకు చెప్పాడు. డోలు మోగించే పెద్ద స్పీకరూ గొంతులు పలికే చిన్నదీ ఒకే పెట్టెలో ఉంటే, పెద్దది లోపలి గాలిని తోసి చిన్నదాన్ని కుదిపేస్తుందట. వీపు మీద గుద్దుతూ పాడమన్నట్టే. దేని గది దానికుండాలి.

మా ఆయన హాలు నేల మీద సుద్దముక్కతో పెట్టెను నిలువెత్తున గీశారు. కింద డోలుకు పెద్ద గది, మధ్యలో గొంతులకు చిన్న గది, పైన సన్నని గలగలలకు గూడంత గది. నేను అటూ ఇటూ తిరిగితే "గోడ తొక్కకే" అనేవారు. అట్టతో నమూనా కోశారు, కొలిచారు, చెరిపారు, మళ్లీ గీశారు. మధ్యగదిలో కుక్కడానికి దూది కావాలని నా దిండు విప్పేశారు.

"మీ అక్కకి దిండు లేదా?" అన్నాను.

"ఆవిడది గట్టిది, పనికిరాదు" అన్నారు నవ్వకుండా.

పెట్టె తయారయ్యాక చూస్తే నాకే ముచ్చటేసింది. వదిన వచ్చి ఎదురుగా కూర్చుంది. పాట పెట్టారు. మళ్లీ డోలే. గొంతులన్నీ వణికిపోయి ఒకదాన్నొకటి మింగేశాయి. వదిన కాసేపు విని లేచింది.

"పోనీలేరా, చేశావుగా" అంది.

ఆవిడ వంక పెట్టకపోవడం నేను చూడటం అదే మొదలు. నాకు భయమేసింది.

ఆవిడ పక్కగదిలోకి వెళ్లి పడుకుంది. ఈయన తల పట్టుకుని కూర్చున్నారు. పాట ఇంకా నడుస్తూనే ఉంది. నేను పెట్టె దగ్గరికెళ్లి మధ్య స్పీకరు మీద మెల్లగా వేలు ఆనించాను. ఎవరూ పాడని చోట, డోలు ఒక్కటే మోగే చోట కూడా ఆ పొర ఎగిరెగిరి పడుతోంది. దేని గది దానిదే అయితే దీనికేం పని? నాకు బొద్దింక గుర్తొచ్చింది.

"ఏమండీ, లోపలి అడ్డచెక్కలకి కన్నాలు పెట్టారా?"

"కట్టెకి గాలాడాలి కదే" అని, ఆయన అక్కడే ఆగిపోయారు.

"గోడకి కన్నం పెట్టి, వేరు కాపురం పెట్టామంటే ఎలాగండీ?"

ఆయన లేచారు. వెనక పలక విప్పి, చెక్కబిరడాలు చెక్కి, జిగురు రాసి కన్నాల్లోకి కొట్టారు. వైరు దూరే చోట కూడా లప్పంతో మూసేశారు. చేతులు ఆగి ఆగి కదిలాయి. జీవితమంతా చేసినదానికి ఎదురు పని కదా. "నా ఊపిరే బిగబట్టినట్టుందే" అన్నారు.

జిగురు ఆరాక, మర్నాడు మధ్యాహ్నం, వదినను మళ్లీ కూర్చోబెట్టాం.

అబ్బ, ఏమని చెప్పను. డోలు కింద నేలలో నడిచింది. దాని పైన గొంతులు విడివిడిగా లేచాయి. మా ఇరుకు హాల్లోకి అంతమంది ఎలా పట్టారో నాకర్థం కాలేదు. వాళ్లు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. నాలుగు చెక్కలు, నా దిండులో దూది, వాటిలోంచే ఇదంతా వచ్చింది. ఇన్నేళ్లు కాపురం చేసి కూడా ఈ మనిషి చేతుల్లో ఇంత ఉందని నాకు తెలియలేదు.

వదిన ముందుకు వంగి వెతుకుతూనే ఉంది. చరణం అయిపోవచ్చింది. ఆవిడ అడ్డంగా తలూపింది.

అప్పుడు గొంతులన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఒక్కటి మాత్రం ఆగలేదు. లేతగా, ధీమాగా, ఇంకాస్త సాగి అప్పుడు ఆగింది.

వదిన వేలెత్తింది. "నేనే. ఆగమన్న చోట ఆగనని మాస్టారు తిట్టేవారు."

ఇప్పుడు మాత్రం ఆగుతారా అనబోయి మింగేశాను. నా కళ్లు నిండిపోయాయి.

ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. "సందు చివర ఆడుకుంటుంటే నిన్ను అన్నానికి పిలిచింది ఈ గొంతేరా. గుర్తుందా?"

మా ఆయన పెట్టె పక్కన నేల మీద కూర్చుని వింటున్నారు. రెండో చరణమూ అయింది. అందరూ ఆగారు. ఆ ఒక్క గొంతు సాగింది.

"వస్తున్నానక్కా" అన్నారు మా ఆయన.